గండికోటకు ఇంకో పేరెందుకు?

వేసవి సెలవుల్లో మేము గండికోట చూసి వచ్చాము. సేత్తూరు నుంచి బస్సులో మదురై, మదురైలో రైలెక్కి కడప, కడప నుంచి జమ్మలమడుగు, అక్కడి నుంచి వ్యానులో ఇంకో పదిహేను కిలోమీటర్లు. బడి తెరిచిన రోజు నా పక్కన కూర్చునే అమ్మాయి "సెలవులకు ఎక్కడికి పోయినారు?" అని అడిగింది. "గండికోట" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు "అదే, ఇండియా గ్రాండ్ కాన్యన్!" అని అరిచాడు. "ఓ, అదా!" అని ఆమె వెంటనే తల ఊపింది.

నా కోపం ఆ "ఓ, అదా" మీదే. ఇద్దరమూ తెలుగు బడిలో తెలుగు చదువుకుంటున్నాము. ఒక తెలుగు ఊరి పేరు మాకు అర్థం కావడానికి అమెరికా పేరు అడ్డం రావలసి వచ్చింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఫోనులో వచ్చే వీడియోల్లో ఆ పేరే, పత్రికల్లో ఆ పేరే. మేము ఎక్కిన వ్యాను డ్రైవరు కూడా, పుట్టింది ఆ పక్క ఊళ్ళోనే అయినా, "గ్రాండ్ కాన్యన్ పాయింటు దగ్గర దించుతాను" అన్నాడు.

కాన్యన్ అంటే ఏమిటి? ఏరు కొండను కోసుకుంటూ పోయిన లోతైన సందు. గ్రాండ్ అంటే పెద్దది, గొప్పది. రెండూ కలిపితే పెద్ద గండి. మరి గండికోట అన్న పేరులో గండి మొదటి నుంచీ ఉంది కదా! కడప జిల్లాలోనే వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండల నడుమ నుంచి బయటికి వచ్చే చోటును గండి అనే అంటారు. అక్కడి స్వామిని గండి ఆంజనేయుడని మొక్కుతారు. మనకు కూడా ఈ మాట కొత్తది కాదు. ఐప్పసి వానలకు కణ్మాయి కట్ట తెగితే ఇంట్లో పెద్దవాళ్ళు "గండి పడింది" అనే అంటారు. నేను ఫోటో చూపిస్తే మా అవ్వ కళ్ళద్దాలు సరిచేసుకుని చూసి, "అబ్బా, ఇంత పెద్ద గండా! ఎవరూ పూడ్చలేదా?" అని అడిగింది. అందరమూ నవ్వాము. తరువాత ఆలోచిస్తే అవ్వకు అర్థమైనంత మాకెవరికీ అర్థం కాలేదనిపించింది. పెన్నేరు ఎర్రమల కొండకు గండి కొట్టింది, దాని పక్కన కోట కట్టారు. ఇదంతా ఆ నాలుగక్షరాల పేరులోనే ఉంది.

పోలికతో నష్టమేమిటని అడుగుతారు. అమెరికాలో కొలరాడో నది కోసిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 1.6 కిలోమీటర్లు. గండికోట దగ్గర లోతు సుమారు 300 అడుగులు. పక్కపక్కన పెడితే మనది పిల్ల కాలువలా కనబడుతుంది. ఓడిపోతామని తెలిసి ఆ పోటీకి మనమే ఎందుకు పోవాలి? మాతో వ్యానులో వచ్చిన ఒకాయన అంచున నిలబడి చూసి "ఇంతేనా?" అన్నాడు. పది నిమిషాలు సెల్ఫీలు తీసుకున్నాడు, నీళ్ళ సీసా అక్కడే పడేసి పోయాడు. కోటలోని మాధవరాయస్వామి గుడిలోకి గానీ, రంగనాథస్వామి గుడిలోకి గానీ ఆయన పోలేదు. జామియా మసీదును, ధాన్యాగారాన్ని చూడలేదు. ఆయన చూడడానికి వచ్చింది గ్రాండ్ కాన్యన్ కదా, దానిలో ఇవి లేవు మరి!

విజయనగర కాలంలో ఈ కోటను పెమ్మసాని నాయకులు ఏలారు. తరువాత గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు అతన్ని చూడడానికి ఇంత దూరం వచ్చాడు. కోట పోయాక చాలా కుటుంబాలు దక్షిణానికి వలస వచ్చాయి. మన శంకరన్‌కోవిల్ పక్క కురువికుళం జమీందార్ల ఇంటిపేరు కూడా పెమ్మసాని అన్నది మీలో ఎంతమందికి తెలుసు? మనవాళ్ళు కూడా పెన్న గట్టు నుంచే వచ్చారని అవ్వ అంటుంది. కాగితం చూపించమంటే మా దగ్గర ఏమీ లేదు. ఉన్నదల్లా ఇలాంటి నాలుగైదు ఊళ్ళ పేర్లే. వాటిని కూడా మార్చేస్తే మేము దేన్ని పట్టుకుని వెతకాలి?

ఆ గండికి పై వైపున ఆనకట్ట ఉంది. గండికోట జలాశయంలో దాదాపు 27 టీఎంసీల నీళ్ళు పడతాయట. 2020లో దాన్ని నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు అనే ఊరు మునిగింది. అక్కడివాళ్ళు పరిహారం కోసం, ఇంకాస్త గడువు కోసం ధర్నాలు చేశారు. అమెరికా పేరు పెట్టుకుని చూసేవాళ్ళకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

మా చిన్నాన్న ఒప్పుకోలేదు. "ఆ పేరు వల్లనే కదా జనం వస్తున్నారు, టీ కొట్టువాడు బతుకుతున్నాడు" అన్నారు. అది నిజమే. ఆ పేరు లేకపోతే మా వ్యానులో సగం సీట్లు ఖాళీగా ఉండేవేమో. "మన జిల్లాలోని శివకాశిని కుట్టి జపాన్ అంటారు, కోయంబత్తూరును దక్షిణాది మాంచెస్టర్ అంటారు, కుట్రాలాన్ని స్పా అంటారు, వాళ్ళకేం పోయింది?" అని కూడా అడిగారు. వాళ్ళకు ఏమీ పోలేదు చిన్నాన్నా, ఎందుకంటే శివకాశి అంటే ఏదని ఎవరూ అడగరు. సొంత పేరు బలంగా ఉన్నవాళ్ళకు ముద్దుపేరు ఉంటే ఉండనీ. గండికోట సంగతి అట్లా లేదు, ముద్దుపేరే అసలు పేరును మింగేస్తోంది. హొగెనక్కల్‌కూ ఇదే గతి పట్టింది. కన్నడంలో హొగె అంటే పొగ, కల్ అంటే రాయి. నీటి తుంపర్లు పొగలా లేచే ఆ బండను కళ్ళకు కట్టే పేరు అది. దాన్ని వదిలి "ఇండియా నయాగరా" అంటున్నారు. నయాగరా చూసినవాళ్ళు మన బడిలో ఎంతమంది?

అమెరికాలోని ఆ లోయకు కూడా పాత పేరుంది. అక్కడి హోపీ తెగవాళ్ళు దాన్ని ఓంగ్తుప్క అంటారు. హవాసుపాయి అనే ఇంకో తెగవాళ్ళు ఇప్పటికీ ఆ లోయలోనే కాపురముంటున్నారు. అంటే గ్రాండ్ కాన్యన్ అన్నది వాళ్ళకూ పైనుంచి వచ్చిన పేరే. ఇంకొకరి మీద పెట్టిన పేరును మనం తెచ్చుకుని నెత్తిన పెట్టుకుంటున్నాము.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, 2024 చివర కేంద్ర ప్రభుత్వం గండికోట అభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇక దారులు వేస్తారు, గదులు కడతారు, పెద్ద పెద్ద బోర్డులు పెడతారు. ఒకసారి బోర్డు మీద రాసింది ఎన్నేళ్ళు ఉంటుందో మన బస్టాండులో చూస్తూనే ఉన్నాము. ఆ బోర్డుల మీద ఏం రాయాలో సేత్తూరు పిల్లల్ని ఎవరూ అడగరు. కానీ మన బడి నోటీసు బోర్డు మన చేతిలోనే ఉంది కదా. వచ్చే ఏడు అక్కడికి యాత్ర పెడితే, అయ్యవార్లు దయచేసి ఇట్లా రాయించండి: "గండికోట, జమ్మలమడుగు మండలం, కడప జిల్లా." గండి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మా అవ్వ దగ్గరికి పంపండి.