పొయ్యి చల్లారినా నియమం చల్లారదు

అమెరికాలో ఇటుక పొయ్యి ఉన్న ఇల్లు కొనుక్కున్న మనవారిలో చాలామంది ఆ పొయ్యిని వెలిగించరు. దాని నెత్తిన ఓ చక్కని కొయ్య పలకను మాత్రం తప్పక కోరుకుంటారు. వినాయకుడి బొమ్మకూ, పెళ్ళి ఫొటోకూ, దసరా నాడు బొమ్మల కొలువుకూ అంతకన్న అనువైన చోటు ఆ హాలులో మరొకటుండదు కదా! ఆ ముచ్చటను నేను తప్పుపట్టను. "ఎలాగూ నిప్పు పెట్టం గనుక పలకను ఎక్కడ బిగిస్తే ఏం?" అన్న వాదంతోనే నా పేచీ.

పైన కప్పుకునే వస్త్రాన్ని చెప్పే 'మాంటిల్' అనే ఆంగ్లపదమూ, పొయ్యి మీది ఈ 'మాంటెల్' అనే మాటా ఒకే లాటిన్ మూలం నుండి వచ్చాయి. మధ్యయుగపు ఐరోపాలో పొగను ఒడిసిపట్టి పైకి పంపడానికి పొయ్యి మీద గొడుగులా ముందుకు చాచి కట్టిన కట్టడమే తొలి మాంటెల్. పొగగొట్టం గోడలోనికి ఒదిగిన కొద్దీ ఆ గొడుగు కుంచించుకుపోయి పలకగా మిగిలింది. నేటి అలంకారం ఒకనాడు అగ్నికి కాపలాదారన్నమాట.

కాపలాదారే అంటుకుంటే? ఆ భయంతోనే అమెరికాలో విస్తృతంగా అమలులో ఉన్న అంతర్జాతీయ నివాస గృహ నియమావళి, ఇటుకతో కట్టిన పొయ్యి నోటికి 6 అంగుళాల లోపు కొయ్యను పూర్తిగా నిషేధించింది. 12 అంగుళాల లోపు ఉన్న కొయ్యయితే, నోటి నుండి ప్రతి అంగుళం దూరానికీ అంగుళంలో ఎనిమిదో వంతుకు మించి ముందుకు రాకూడదు. అనగా 8 అంగుళాల ఎత్తున బిగించిన పలక గోడ నుండి ఒక్క అంగుళమే ముందుకు రావాలి. బొమ్మలు నిలిచేంత వెడల్పు కావాలంటే 12 అంగుళాలు దాటి పైకి పోవలసిందే. గ్యాసు పొయ్యి అమర్చి ఉంటే దానిని తయారుచేసినవారు చెప్పిన కొలతలు పాటించాలి.

ఇక బరువు సంగతి. 6 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం గల ఓక్ దుంగ సుమారు 90 పౌండ్లు తూగుతుంది. గోడ నుండి ముందుకు చాచి ఉండటం వలన అది బోల్టులను కిందికి లాగడమే కాక, పై అంచు దగ్గర బయటికీ పెకలిస్తుంది. ఇటుకలో రంధ్రం చేయాలా, ఇటుకల నడుమ సున్నపు సందులోనా అన్నది పాత తగవు. గట్టి ఇటుక నడిబొడ్డున దిగిన బోల్టుకు పట్టు ఎక్కువ. అంచున దిగితే ఇటుక పగులుతుంది. సందులో చేసిన రంధ్రాన్ని రేపు పూడ్చవచ్చు, ఇటుకకు పడిన గాయం మాత్రం మానదు. పాత ఇళ్ళలోని మెత్తని ఇటుకల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

నా మటుకు నాకు తగవు తీర్చే దారి ఒకటే: బరువు తగ్గించుకోవడం. పలకలతో డొల్లగా చేసిన పెట్టె మాంటెల్ చూపులకు దుంగలాగే ఉంటుంది, బరువు అందులో కొద్దిపాలే. రసమట్టం పెట్టి సరిచూసి గోడకు ఒక కొయ్యపట్టీ బిగించి, దాని మీదికి ఈ పెట్టెను తొడిగితే సరి. రంధ్రాలూ తక్కువే. బిగించే ముందు రంధ్రాలలోని ఇటుకపొడిని ఊది తీసివేయాలి. పొడి మిగిలితే బోల్టుకు పట్టు దొరకదు.

ఇళ్ళు చేతులు మారుతుంటాయి. మనం వెలిగించని పొయ్యిని మన తరువాత వచ్చినవారు ఏ మంచు రాత్రో వెలిగిస్తారు. నియమం పాటించి ఉంటారనే నమ్మకంతోనే వారి పిల్లలు ఆ వెచ్చదనంలో నిద్రపోతారు. ఎన్నడూ చూడబోని ఆ మనుషులకు మనం బాధ్యులం కామా? మీరేమంటారు?