పీపీఎఫ్ మూసేయమనే వాళ్లకు నా జవాబు

పోస్టు పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి. నా బడి చదువు తమిళంలో, ఉద్యోగమంతా ఇంగ్లిషు రిజిస్టర్లలో, ఇప్పుడు ముఖేడ్‌లో చూసే కాగితాలన్నీ మరాఠీలో. నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. లెక్కలో తప్పుంటే మాత్రం వదలకండి, కింద రాయండి.

ఈమధ్య మనవాళ్లలో ఒకటే పాట. "కొత్త పన్ను విధానంలో 80సీ లేదు కదా, ఇంక పీపీఎఫ్ దండగ. పదిహేనేళ్లు నిండగానే మూసేసి ఎఫ్‌డీలో వెయ్యండి." పుణెలో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసే మన పిల్లలు కొందరు నిజంగానే మూసేశారు. ఇది తప్పుడు సలహా.

పోయింది డబ్బు కట్టేటప్పుడు దొరికే మినహాయింపు ఒక్కటే. పీపీఎఫ్ వడ్డీ మీద పాత విధానంలోనూ పన్ను లేదు, కొత్తదాంట్లోనూ లేదు. ఈ రెండూ వేరు వేరు సంగతులు. కలిపేసి మాట్లాడితే ఎలా?

లెక్క చూడండి. ఏడాదికి 18 లక్షల జీతం ఉన్న అబ్బాయి ఖాతాలో పది లక్షలున్నాయి. 7.1 శాతం చొప్పున వచ్చే 71,000 మొత్తం అతనిదే. అదే డబ్బు 7 శాతం ఎఫ్‌డీలో వేస్తే వచ్చేది 70,000. కొత్త విధానంలో ఆ వడ్డీ 20 శాతం శ్లాబులో పడుతుంది. సెస్సుతో కలిపి 14,560 పన్నుకు పోగా మిగిలేది 55,440. ప్రతి ఏడూ ఇంతే. పైగా మూసిన ఖాతా మళ్లీ తెరిస్తే పదిహేనేళ్లు మొదటినుంచి లెక్క, ఏడాదికి లక్షన్నర మించి కట్టనివ్వరు. గడువు నిండాక ఏమీ కట్టకుండా ఊరికే ఉంచినా వడ్డీ నడుస్తుంది, ఏడాదికోసారి కావలసినంత తీసుకోవచ్చు. ఇంకా కట్టాలనుకుంటే ఏడాదిలోపు ఫారం ఇచ్చి అయిదేళ్లకు పొడిగించుకోవచ్చు. ఈ ముక్క కౌంటర్లో ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఎన్పీఎస్‌లోనూ మన పిల్లలది తలకిందుల వ్యవహారమే. అందులో 75 శాతం షేర్లు పెట్టుకుని, బయట మాత్రం ఎఫ్‌డీలు! ఎఫ్‌డీ వడ్డీకి ఏటా పన్ను. బయట ఈక్విటీ ఫండు ఉంటే అమ్మినప్పుడే పన్ను, ఏడాది దాటాక అమ్మితే 1.25 లక్షల లాభం వరకు అదీ లేదు, ఆపైన 12.5 శాతం. కాబట్టి ప్రభుత్వ బాండ్లు ఎన్పీఎస్‌లోకి, షేర్లు బయటకు. ఎన్పీఎస్ లోపల మార్చుకుంటే పన్ను పడదు. బాండ్లెన్ని, షేర్లెన్ని అన్నది మారదు, చోటు మారుతుంది, అంతే. మన ఐఆర్‌ఎఫ్‌సీ వాళ్లు కూడా ఒకప్పుడు పన్ను లేని బాండ్లు ఇచ్చేవాళ్లు, 2016 తర్వాత కొత్తవి రాలేదు.

పెద్దవాళ్ల సంగతి వేరు. 2025 బడ్జెట్ తర్వాత కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు. చిన్న పెన్షన్ ఉన్నవాళ్లకు పీపీఎఫ్ చాటు అక్కరలేదు, పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 8.2 శాతం, 30 లక్షల దాకా వేసుకోవచ్చు. కొడుకు తన ఎఫ్‌డీ డబ్బు తండ్రికి ఇచ్చేసినా పన్ను లేదు, వడ్డీ తండ్రి లెక్కలోకే వస్తుంది. భార్య పేర వేస్తే మాత్రం ఆ వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది.

ఎక్కువ వడ్డీ అని పతసంస్థలకు పరిగెత్తేవాళ్లకు ఒక్క ముక్క: బ్యాంకు డిపాజిట్లకున్న అయిదు లక్షల బీమా అక్కడ లేదు.

కొడుకు ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే, అది తండ్రిదవుతుంది. రేపు అన్నదమ్ముల మధ్య పేచీ వస్తుంది. ఇచ్చేటప్పుడే కాగితం రాసుకోండి, తండ్రి వీలునామా కూడా రాయాలి. నామినీ పేరు పెట్టినంత మాత్రాన వారసుల హక్కు పోదు.