మగవారి బలం మాత్రలు – మనం తెలుసుకోవాల్సిన సంగతులు

పెళ్ళయి రెండేళ్ళు దాటిందంటే చాలు, పేరంటానికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా అందరి కళ్ళూ మన కడుపు మీదే ఉంటాయి. "ఇంకా ఏమీ విశేషం లేదా అమ్మాయ్?" అని అడిగేది ఆడపిల్లనే. డాక్టరు దగ్గరికి నడిచేదీ, స్కానింగులు చేయించుకునేదీ, ఉపవాసాలుండేదీ తనే. గొడ్రాలు అనే మాట ప్రతివాళ్ళ నోటా వింటాం గానీ, మగవాడికి అలాంటి మాట అంత తేలిగ్గా తగిలించడం ఎక్కడైనా విన్నామా?

ఈమధ్య మాత్రం కొంత మార్పు వచ్చింది. లోపం మగవాడిలోనూ ఉండొచ్చని జనానికి తెలిసింది. మంచిదే. కానీ ఆ వెనకే మందుల షాపుల్లో డబ్బాలు కూడా వచ్చి కూర్చున్నాయి. జింక్, ఫోలిక్ యాసిడ్, సెలీనియం, విటమిన్ ఇ, కార్నిటిన్... మూడు నెలలు వాడితే ఇంట్లో ఉయ్యాల కట్టినట్టే అన్నంత ధీమాగా అమ్ముతారు. మా బంధువుల్లో ఒకమ్మాయి నెలనెలా సరుకుల డబ్బుల్లోంచి మిగిల్చి భర్తకి ఈ మాత్రలు కొంటోంది. ఏడాది పాటు అలా కొన్నాక, "ఇవి నిజంగా పనిచేస్తాయా అక్కా?" అని అడిగింది. ఈ ప్రశ్న చాలా ఇళ్ళలో ఉండేదే కాబట్టి ఈ వారం దాని గురించే చెప్పుకుందాం.

ముందుగా ఈ మాత్రల మీద ఆశ ఎక్కణ్ణించి పుట్టిందో చూద్దాం. 2002లో నెదర్లాండ్స్ దేశపు డాక్టర్లు రెండు వందల పైచిలుకు మగవాళ్ళ మీద ఒక పరిశోధన చేశారు. జింక్, ఫోలిక్ యాసిడ్ కలిపి 26 వారాలు ఇస్తే, లోపం ఉన్నవాళ్ళలో మామూలు ఆకారంలో ఉన్న వీర్యకణాల సంఖ్య 74 శాతం పెరిగిందని తేలింది. అంకె పెద్దది కదా, అందరికీ ఆశ పుట్టింది. అయితే ఒక్క మాట గమనించండి. ఆ పరిశోధన లెక్కపెట్టింది కణాలనే. ఎంతమందికి బిడ్డలు పుట్టారన్నది అందులో అడిగిన ప్రశ్న కాదు. పాలు పొంగినంత మాత్రాన వెన్న ఎక్కువ వస్తుందని మనం అనుకోం కదా, ఇదీ అంతే.

అసలు ప్రశ్న అడిగింది అమెరికా వాళ్ళు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ తరఫున 2013 నుంచి 2017 వరకూ 2,370 జంటల్ని చేర్చుకున్నారు. అందరూ పిల్లల కోసం వైద్యానికి వచ్చినవాళ్ళే. సగంమంది భర్తలకి రోజూ 30 మిల్లీగ్రాముల జింక్, 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఆరు నెలలు ఇచ్చారు. మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాడేవాళ్ళకీ తెలియదు, చూసే డాక్టర్లకీ తెలియదు. తెలిస్తే ఆ నమ్మకమే ఫలితాన్ని తారుమారు చేస్తుందని ఈ జాగ్రత్త.

ఫలితం 2020 జనవరిలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది. మందు వాడిన జంటల్లో 34 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఉత్తుత్తి మాత్ర వాడిన జంటల్లో 35 శాతం మందికి పుట్టారు. అంటే తేడా లేనట్టే! వీర్యకణాల సంఖ్యలోనూ, కదలికలోనూ చెప్పుకోదగ్గ మెరుగు కనిపించలేదు. పైగా కణాల లోపలి జన్యుపదార్థం తెగిపోవడం మందు వాడినవాళ్ళలోనే కాస్త ఎక్కువగా ఉంది. కడుపులో ఇబ్బంది, వికారం, వాంతులు కూడా వాళ్ళకే ఎక్కువ.

ఆ ఏడాదే అమెరికాలో ఇంకో పరిశోధన ఫలితం కూడా వచ్చింది. విటమిన్ సి, విటమిన్ ఇ, సెలీనియం, కార్నిటిన్, జింక్, ఫోలిక్ యాసిడ్, లైకోపీన్ అన్నీ కలిపి ఇచ్చి చూశారు. షాపులో డబ్బాల మీద ఉండే పేర్లు దాదాపు ఇవే. ఇది కేవలం 170 పైచిలుకు జంటల మీద చేసిన చిన్న పరిశోధనే అయినా, ఇందులోనూ లాభం కనిపించలేదు.

"పనిచేయకపోతే మానె, నష్టమేముందిలే" అంటారా? ఉంది. జింక్ పెద్దవాళ్ళు రోజుకి 40 మిల్లీగ్రాములు దాటి తీసుకోకూడదని అమెరికాలో పెట్టిన హద్దు. రెండు మూడు రకాల డబ్బాలు కలిపి వాడితే ఆ హద్దు సులువుగా దాటిపోతుంది. నెలల తరబడి జింక్ అతిగా తింటే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. రాగి తగ్గితే రక్తం పలచబడుతుంది, నరాలు దెబ్బతిని కాళ్ళు తిమ్మిరెక్కి నడక తూలుతుంది. జింక్ ఉన్న పేస్టుని కట్టుడు పళ్ళకి ఏళ్ళ తరబడి అతిగా వాడినవాళ్ళలో ఇది బయటపడింది. ఇలాంటి వాళ్ళకి మెడ దగ్గర ఎమ్మారై తీస్తే, వెన్నుపాము వెనకభాగంలో మార్పు తెల్లగా కనిపించవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది చదివి "ఫోలిక్ యాసిడ్ దండగ" అని మీరు వాడేది మానేయకండి! బిడ్డ కోసం చూస్తున్న ఆడవాళ్ళకి అది చాలా అవసరం. కడుపులో బిడ్డ వెన్నెముక, మెదడు సరిగా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలని 1991లో బ్రిటన్ పరిశోధన గట్టిగా రుజువు చేసింది. గర్భం రాకముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. ఇంతకుముందు అలాంటి లోపంతో బిడ్డ పుట్టి ఉంటే మోతాదు ఎక్కువ కావాలి, అది డాక్టరే చెబుతారు. మాత్ర ఒకటే అయినా ఎవరికి, దేనికి అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుందన్నమాట.

మరి ఏం చెయ్యాలి?

* ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్ళాలి. పిల్లలు లేని జంటల్లో ఇంచుమించు సగంమందిలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది.

* వీర్యపరీక్ష మొదట్లోనే చేయించాలి. కొన్ని వందల రూపాయలతో అయిపోతుంది, సూది పోటు కూడా ఉండదు. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇవ్వాలి. తేడా వస్తే మళ్ళీ ఒకసారి చేయించాలి. ఈ చిన్న పరీక్ష చేయించకుండా ఆడమనిషికి లాప్రోస్కోపీ దాకా వెళ్ళడం ఏం న్యాయం చెప్పండి?

* వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం, హార్మోను లోపం, దారి మూసుకుపోవడం లాంటివాటికి వైద్యం ఉంది. మాత్రల డబ్బాతో ఏడాది గడిపేస్తే ఆ వైద్యం ఆలస్యమవుతుంది, మన వయసూ పెరుగుతుంది.

* సిగరెట్టు, గుట్కా, మితిమీరిన తాగుడు మానిపించాలి. కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటే వీర్యకణాల తయారీయే పడిపోతుంది. ఈ సంగతి చాలామంది కుర్రాళ్ళకి తెలియదు.

* కొత్త కణాలు తయారై బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అలవాట్లు మార్చిన వారానికే ఫలితం కోసం కంగారు పడొద్దు.

* జింక్ కావాలంటే నువ్వులు, శనగలు, గుమ్మడి గింజలు, గుడ్డు, మాంసం ఉన్నాయి. ఫోలిక్ కోసం పాలకూర, తోటకూర, పెసలు ఉన్నాయి. ఇవి మందులని చెప్పడం లేదు. ఇంటిల్లిపాదికీ మంచి తిండి, అంతే.

డాక్టరు పరీక్ష చేసి, లోపం చూసి రాసిన మందు వేరు. దాన్ని మీ అంతట మీరు ఆపొద్దు. నేను చెప్పేది షాపువాడి మాట మీదో, పక్కింటివాళ్ళ మాట మీదో కొనే డబ్బాల గురించి.

ఇక మగవారిని పరీక్షకి ఒప్పించడమే అసలు కష్టం. అత్తగారి ముందు, నలుగురిలో ఈ మాట ఎత్తకండి, పౌరుషానికి పోతారు. ఇద్దరే ఉన్నప్పుడు, "ఏవండీ, నా పరీక్షలతో పాటు మీదీ అయిపోతే డాక్టరు గారికి వైద్యం సులువవుతుందట" అని చెప్పి చూడండి. అత్తగార్లు కూడా కోడలి చేత మరో నోము పట్టించే ముందు కొడుకుతో ఒక్క మాట చెప్పండమ్మా. మీరు చెబితే వింటాడు.