ఫ్యాను బొమ్మ

మొన్న ఫిబ్రవరిలో ప్రత్తిపాడు దగ్గర మిరపకళ్లంలో తాలుకాయలు ఏరుతున్న పదో తరగతి పిల్ల, పట్టా మీద కూర్చునే ఫోను తీసి ఆకాశాన్ని ఫొటో కొట్టి పంపింది. హైదరాబాదు వెళ్లిపోయిన స్నేహితురాలికట. స్నాప్‌చాట్‌లో 212 రోజుల స్ట్రీక్. 24 గంటల్లో ఇద్దరూ పంపుకోకపోతే తెగిపోతుంది. అటునుంచి సీలింగ్ ఫ్యాను బొమ్మ వచ్చింది. "మాట్లాడుకుని ఎన్నాళ్లయిందమ్మా?" అంటే, "సంక్రాంతికి వచ్చింది గదండీ" అంది, ఘాటుకి తుమ్ముతూ.

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపువాళ్లకు స్నాప్‌చాట్ లాంటి వాటిలో ఖాతాలు వద్దంది. ఇక్కడా అదే కావాలనే వ్యాసం ఈ సంచికలో వేశాం. నాకైతే సందేహమే. ఆ ఫ్యాను బొమ్మ కూడా రాకపోతే ఈ పిల్లకు మిగిలేదేమిటి? కాకపోతే పండక్కి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని, ఎవరి ఫోను వాళ్లు చూసుకున్నారని ఈ పిల్ల తల్లి చెప్పింది.