ఆ అమ్మ చేతిలో ఉన్నదీ టికెట్టే

ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



మాచర్ల నుంచి రాస్తున్నాను. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక మాకు నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. కలెక్టరేట్‌లో పని పడినా, పిల్లల చదువులకైనా, ఆసుపత్రికైనా చాలామంది అటే వెళ్లాలి. గుంటూరు వైపు నుంచి వచ్చే రైలు పట్టాలు మా ఊళ్లో ఆగిపోతాయి, రైళ్లూ తక్కువే. అందుకే ఇక్కడి మనిషికి ప్రయాణం అంటే ముందు గుర్తొచ్చేది మీ బస్సు.

ఈ ఉత్తరం మీ సిబ్బంది మీద ఫిర్యాదు కాదు. బస్సెక్కిన తర్వాత మేం ఒకరితో ఒకరం మసలుకునే తీరు గురించి. దాన్ని సరిదిద్దడం మీ సంస్థ మాట్లాడితేనే అవుతుందని నా నమ్మకం.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా అయిదు రకాల బస్సుల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులు తీసుకోకుండా జీరో టికెట్ ఇస్తున్నారు. ఆ తర్వాత బస్సుల్లో రద్దీ పెరిగింది, నిజమే. రద్దీతో పాటు ఇంకొకటి పెరిగింది. ఆడవాళ్లను ఎంత మాటైనా అనొచ్చనే ధైర్యం.

పత్తి తీతల రోజుల్లో ఒక సాయంత్రం మాచర్ల వచ్చే బస్సులో ఉన్నాను. కారెంపూడిలో ఒక పెద్దావిడ ఎక్కింది. కొప్పులో, పైట మీద పత్తి పింజలు అంటుకుని ఉన్నాయి. ఎండిన కాయలు గీరుకుని వేళ్ల కొసలు చీరుకుపోయాయి. ఆ వేళ్లతోనే కొంగు ముడి విప్పి, ఆధార్ కార్డు తీసి, టికెట్ తీసుకుని మళ్లీ ముడేసుకుంది. ‘స్త్రీలకు’ అని రాసి ఉన్న సీట్లో కూర్చున్న ఒకాయన్ని, ‘కాస్త జరుగు నాయనా’ అని అడిగింది. ఆయన జరగలేదు. ‘ఫ్రీగా వచ్చేదానికి సీటు కూడా కావాలా? డబ్బులిచ్చినోళ్లం మేం నిలబడాలా?’ అన్నాడు. వెనక నలుగురు నవ్వారు. ‘పొద్దుటి నుంచి వంగి తీశానయ్యా, నడుం నిలవట్లా’ అని మాత్రం అని ఆవిడ రాడ్డు పట్టుకుని నిలబడింది. చివరికి లేచి చోటిచ్చింది పుస్తకాల సంచీతో ఉన్న ఒక కాలేజీ అమ్మాయి. ఆ పిల్ల చేతిలోనూ జీరో టికెట్టే.

నాకు అరవై దాటాయి. నా వయసు వాళ్లకు మీ సంస్థ ఛార్జీలో 25 శాతం తగ్గిస్తుంది. నేనూ కార్డు చూపించే ఆ రాయితీ తీసుకుంటాను. ఇన్నాళ్లలో నన్నెవరూ ఆ మాట అనలేదు. పాసుల మీద వెళ్లే కుర్రాళ్లనూ ఎవరూ అనరు. రాయితీ మగవాడికి వస్తే మర్యాద, ఆడమనిషికి వస్తే ఎగతాళి. ఇది నాకు కడుపు మండే సంగతి. జీరో టికెట్ మీ యంత్రంలోంచే వస్తుంది, మీ లెక్కలోకే వెళ్తుంది, ఆ ఛార్జీ ప్రభుత్వం మీ సంస్థకు చెల్లిస్తుంది. అంటే పత్తి చేలో ఎండకు ఎండిన ఆ మనిషి కూడా ఛార్జీ కట్టిన ప్రయాణికురాలే. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఎవరూ చెప్పలేదు కూడా.

కూలీకి వెళ్లే ఆడవాళ్లకు బస్సు దొరకడం ఎంత పెద్ద విషయమో పల్నాడులో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలంలో మిర్చి కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్ బోల్తాపడి నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. కిక్కిరిసిన ఆటోలు, ట్రాక్టర్ ట్రాలీలు వదిలి వాళ్లు బస్సు ఎక్కడం మొదలుపెట్టారంటే మనం సంతోషించాలి. అలాంటి వాళ్లను మాటలతో పొడిచి మళ్లీ ఆటోల్లోకి తోలేస్తామా?

టికెట్ కొన్నవాళ్ల కోపంలో కొంత న్యాయం ఉంది. రెండు గంటలకు పైగా నిలబడి వెళ్లడం ఎవరికైనా కష్టమే. ఆ కోపం బస్సులు చాలడం లేదన్న దాని మీద ఉండాలి. పొద్దున కాలేజీల వేళ, సాయంత్రం కూలీలు తిరిగొచ్చే వేళ ఇటువైపు బస్సులు పెంచమని నేనూ అడుగుతున్నాను. కిటికీలోంచి రుమాళ్లు, సంచులు విసిరి సీట్లు పట్టుకునే అలవాటు కూడా బస్సులు పెరిగితే కొంత తగ్గుతుంది.

స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయమని మీ బస్సుల్లో రాసి ఉండటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. మంచి మాటే. కానీ ఆ రాత కిందే కూర్చుని ఆడవాళ్లను తూలనాడేవాళ్లు ఉన్నారు. వాళ్లకు సంప్రదాయం గుర్తుచేస్తే సరిపోదు, నియమం చెప్పాలి. జీరో టికెట్ ఉన్నవారికీ సీటు మీద సమాన హక్కు ఉందని, ఆ టికెట్ ఛార్జీ ప్రభుత్వం కడుతోందని బస్సుల్లో పెద్ద అక్షరాల్లో రాయించండి. బస్టాండు మైకులో బస్సుల వేళలతో పాటు ఆ రెండు ముక్కలూ చెప్పించండి. కండక్టర్ ఆధార్ చూడాలి, టికెట్ కొట్టాలి, చిల్లర వెతకాలి, ఇన్నిటి మధ్య తగవులూ తీర్చాలి. సంస్థ మాట గోడ మీద ఉంటే ఆయనకు కాస్త బలం. వేలు పెట్టి చూపిస్తే చాలు.

ఇలాంటివి నియమాలతో మారవని కొందరంటారు. కానీ 2021 నవంబరులో కర్ణాటక ఆర్టీసీ, హైకోర్టు ఆదేశం మీద, బస్సులో ఫోన్ స్పీకర్‌లో పాటలు, వీడియోలు పెట్టడాన్ని నిషేధించింది. చెప్పినా వినని ప్రయాణికుణ్ణి దించేసే అధికారం కండక్టర్‌కు ఇచ్చింది, ఛార్జీ కూడా తిరిగివ్వనక్కర్లేదంది. పక్కన కూర్చున్న మనిషి చెవికి అంత రక్షణ ఇవ్వగలిగినప్పుడు, పక్కన నిలబడ్డ మనిషి మర్యాదకు ఇవ్వలేమా? వీలైతే ఆ ఫోన్ల నియమాన్నీ ఇక్కడికి తీసుకురండి. రాత్రి బస్సులో పసిపిల్లల తల్లులు మీకు రుణపడి ఉంటారు.

సంక్రాంతి దాటితే మిర్చి కోతలు మొదలవుతాయి. తెల్లవారుజామునే టిఫిన్ క్యారేజీలు, నీళ్ల సీసాలు పట్టుకుని ఆడవాళ్లు గుంపులుగా రోడ్డెక్కుతారు. ఆలోపే మాచర్ల నుంచి కదిలే బస్సుల్లో జీరో టికెట్ గురించిన ఆ రాత పడేలా చూడమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
మాచర్ల నుంచి ఒక ప్రయాణికుడు