బలము నేర్పునకు శత్రువా?

గోల్ఫు చేతినేర్పుచేతను లయజ్ఞానముచేతను సాధ్యమగు ఆటయే గాని కండబలముతో దానికి ప్రసక్తి లేదనియు, బరువులెత్తినవాని దేహము బిగుసుకొని, స్వింగులోని సౌకుమార్యము నశించి, తుదకు వాడు గాయములపాలగుననియు చెప్పు పెద్దలు నేటికిని పెక్కురు కలరు. వినుటకు ఇంపైన ఈ వాదము విచారణకు నిలువదు.

బంతి కదలక పడియుండుటచే ఈ ఆట ప్రశాంతముగా కనబడును. కాని ఆరితేరిన ఆటగాడు క్లబ్బును పైనుండి దింపి బంతిని తాకుటకు పట్టు కాలము సెకనులో నాల్గవ వంతు మాత్రమే. ఆ లిప్తలోనే క్లబ్బు తల గంటకు 180 కిలోమీటర్ల వేగము నందుకొనును. తుంటి ముందుగా తిరుగ, భుజములు వెనుకబడ, నడుము మెలిపడి, వెన్నుపూసల నడుమనుండు మెత్తని బిళ్లలపై శరీరభారమునకు అనేక రెట్ల ఒత్తిడి కలుగును. ఈ మెలిక ఎల్లప్పుడును ఒకే దిశయందు కలుగుచుండుటచేతనే గోల్ఫు ఆడువారిని నడుమునొప్పి అంతగా వేధించుచున్నది. ఆ భారమును వహింపవలసిన పిరుదులు, తొడలు, ఉదరపార్శ్వములు దుర్బలములైనచో అది కీళ్లపై పడక తప్పదు. కావున బలము వలదనువారు భారమును తగ్గించుట లేదు. దానిని మోయు అంగమును మాత్రమే మార్చుచున్నారు.

కసరత్తు నేర్పును చెరచునన్న మాటను చరిత్రయు సమర్థింపదు. ప్రయాణములందును ఇనుపబరువులను వెంటగొనిపోయిన ఫ్రాంక్ స్ట్రానహాన్ 1948లోను 1950లోను బ్రిటిష్ అమెచ్యూర్ పోటీని గెలిచెను. దక్షిణాఫ్రికా దేశీయుడగు గారీ ప్లేయర్ పొట్టివాడయ్యు, బరువులెత్తుట ఆటకు చేటని పలువురు వారించుచున్నను లెక్కగొనక, 1959, 1968, 1974 సంవత్సరములలో బ్రిటిష్ ఓపెనును, 42 ఏండ్ల ప్రాయమున 1978లో మాస్టర్స్‌ను గెలుచుకొనెను. బరువులు చేతిలోని సున్నితత్వమును హరించునవే యైనచో, దాదాపు రెండు దశాబ్దులు వ్యాపించిన ఆ విజయపరంపర అసంభవము.

బిగువును గూర్చిన ఆక్షేపణలో అర్ధసత్యము లేకపోలేదు. ఛాతీని ముంజేతులను మాత్రమే పెంచుకొని, బరువును సగము దూరమే కదిపి, తుంటిని, వెన్ను పైభాగమును విస్మరించువాడు బిగుసుకొనవచ్చును. ఆ దోషము కసరత్తు చేయు తీరునది, బలమునది కాదు. కీలు కదలగలిగినంత మేరయు బరువును నడిపించు వ్యాయామము బలముతోపాటు సాగుడును పెంచును. తుంటికీలు చక్కగా తిరుగనిచో ఆ కొరతను నడుము తీర్చవలసి వచ్చును. నడుముపూసలు వంగుటకు అనువైనవే గాని అంతగా తిరుగుటకు ఏర్పడినవి కావు.

ఇక బరువులెత్తుట గాయములు తెచ్చుననుటకు టైగర్ వుడ్స్‌ను సాక్షిగా నిలుపువారు, ఆతని ఎడమ మోకాలికి తొలి శస్త్రచికిత్స 1994లో, వృత్తిక్రీడలో అడుగిడుటకు ముందే, జరిగినదని మరతురు. చిరిగిన స్నాయువుతోను చిట్లిన కాలియెముకతోను ఆడి ఆతడు 2008లో యు.ఎస్. ఓపెన్ గెలిచిన సంగతినిగూడ లెక్కింపరు. అతివ్యాయామము ఆతనికి కొంత కీడు చేసినదనియే ఒప్పుకొందము. అంతమాత్రమున బలమునే వర్జింపుమనుట, అజీర్ణమునకు వెరచి అన్నము మానుమనుటయే యగును.

వృత్తిక్రీడాకారుల మాట యటుండ, ఈ ఉపదేశమువలన ఎక్కువ నష్టపోవువాడు నడివయసు గృహస్థుడు. వారమంతయు కుర్చీలో గడిపి, సెలవునాడు కారు దిగినదే తడవుగా ఒడలు వేడెక్కకయే డ్రైవరు క్లబ్బును ఝళిపించు ఆతనికి, వారమునకు రెండుమారులు బస్కీలు తీయుట, బరువును నేలనుండి ఎత్తుట, లాగుట, త్రోయుట, ఇరుప్రక్కలను సమముగా తిప్పుట అవసరము. ఎత్తు బరువును, కొట్టు బంతుల సంఖ్యను క్రమక్రమముగా పెంచుట అంతకంటె అవసరము. వయసుతో కండ సహజముగా తరుగును గనుక, ముదిమిని సాకుగా చూపువారికే ఈ సాధన మరింత విధాయకము.

బలము వలదని శాసించు గురువు, స్వింగు కలిగించు భారమును శిష్యుని దేహములో ఏ అంగము మోయవలెనో కూడ చెప్పవలెను. చెప్పజాలనిచో ఆ శాసనమును ఉపసంహరించుకొనుట న్యాయము.