మూడు నొక్కుల గోల్ఫ్

షెఫీల్డ్ అనగానే మన పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది చాకులూ కత్తెరలూ. తుప్పు పట్టని ఉక్కుకి 1913లో హ్యారీ బ్రియర్లీ దారి వేసింది ఆ ఊళ్ళోనే. కంట్రోలర్ చేతపట్టే కుర్రాళ్ళకి ఆ ఊరు ఇప్పుడు ఇంకో రకంగా తెలుస్తోంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘పీజీఏ టూర్ 2కే25’ అట్ట మీద టైగర్ వుడ్స్, మాక్స్ హోమాల సరసన ఉన్నవాడు మాట్ ఫిట్జ్‌పాట్రిక్. షెఫీల్డ్‌లో పుట్టి, అక్కడి హాలంషైర్ క్లబ్బులో ఆడి పెరిగినవాడు, 2022 యూఎస్ ఓపెన్ విజేత. అట్ట మీద అతనున్నాడు గానీ లోపల బంతిని కొట్టాల్సింది మన బొటనవేలు. ఆ వేలు ఎలా కదలాలన్న దగ్గరే గోల్ఫ్ గేములు ఆడేవాళ్ళు ఏళ్ళ తరబడి రెండు వర్గాలుగా చీలి వాదించుకుంటున్నారు. స్టిక్‌ని కిందికి లాగి పైకి తోస్తేనే అసలు స్వింగ్ అని ఒక వర్గం, బటన్ మూడుసార్లు నొక్కే పాత పద్ధతికి ఏం తక్కువని ఇంకో వర్గం. మొదటివాళ్ళ గొంతు పెద్దది, ‘రియలిస్టిక్’ అన్న మాట వాళ్ళ చేతిలో ఉంది కనుక. ఆ మాట దగ్గరే నా పేచీ. చెయ్యి కదిలిన తీరు గోల్ఫర్‌ని పోలిందా లేదా అని చూడటం దండగ. కొట్టిన దెబ్బ తప్పితే ఆ తప్పు ఆడినవాడిదేనా, ఎక్కడ జరిగిందో వాడికి తెలిసిందా అన్నదే చూడాలి.

మూడు నొక్కుల పద్ధతి పుట్టింది కన్సోళ్ళ బాల్యంలో. 1984లో నింటెండో ‘గోల్ఫ్’ వచ్చింది. దాని ప్రోగ్రాం రాసిన సతోరు ఇవాతా తర్వాత ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. ఒకసారి నొక్కితే మీటర్ మీద గుర్తు పరుగు మొదలుపెడుతుంది. రెండోసారి నొక్కిన చోట బలం ఖాయమవుతుంది. గుర్తు వెనక్కి తిరిగి గీత దగ్గరికి వచ్చినప్పుడు మూడోసారి నొక్కాలి. ముందైతే బంతి ఒక పక్కకి, ఆలస్యమైతే ఇంకో పక్కకి వంగుతుంది. పీసీ గేములు, కన్సోళ్ళు ఆ తర్వాత చాలాకాలం దీన్నే అటూ ఇటూ మార్చి వాడుకున్నాయి. ఆర్కేడ్లలో మాత్రం ‘గోల్డెన్ టీ’ 1989 నుంచీ గుండ్రటి ట్రాక్‌బాల్‌ని అరచేత్తో దొర్లించమంది. 1997లో సియెరా వాళ్ళ గోల్ఫ్ గేము మౌస్‌ని వెనక్కి లాగి ముందుకి తోసే ‘ట్రూస్వింగ్’ తెచ్చింది. అసలు స్వింగ్ ఇదేనని పేరులోనే చాటింపు! కన్సోళ్ళకి అనలాగ్ స్టిక్కులు వచ్చాక అదే ఊహ బొటనవేలి కిందికి చేరింది. ‘పీజీఏ టూర్’ వరసలో 2020 నాటి 2కే21కి స్టిక్కే దిక్కు. మూడు నొక్కుల మీటర్ మళ్ళీ కనబడింది 2022లో, 2కే23తో. ఆడేవాళ్ళు పోరగా పోరగా పాత మీటర్ తిరిగి రావడాన్ని వెనకడుగని ఎకసెక్కం చేసినవాళ్ళూ లేకపోలేదు.

వెనకడుగో కాదో తేల్చాలంటే అసలు స్వింగులో ఏం జరుగుతుందో చూడాలి. నిపుణుడి చేతిలో క్లబ్బు వెనక్కి వెళ్ళడానికి పట్టే సమయంలో సుమారు మూడోవంతులో కిందికి దిగుతుంది. ఆ దిగడం పావు సెకను పని. క్లబ్బు బంతిని తాకి ఉండేది సెకనులో రెండువేలవ వంతు. కళ్ళతో చూసి చెయ్యి స్పందించడానికి మనిషికి దాదాపు ఐదోవంతు సెకను కావాలి. అంటే దిగడం మొదలయ్యాక దిద్దుకునే వ్యవధి లేనట్టే. బ్రూక్‌లైన్‌లో 2022 యూఎస్ ఓపెన్ చివరి హోలు చూడండి. ఒక్క స్ట్రోకు ఆధిక్యంతో ఉన్న ఫిట్జ్‌పాట్రిక్ బంతి ఇసుక గుంటలో పడింది. అతను తొమ్మిదో నంబరు ఐరన్ తీసి బంతిని నేరుగా గ్రీన్ మీదికి చేర్చాడు, టైటిల్ గెలిచాడు. ఆ దెబ్బలో గోల్ఫ్ అంతా క్లబ్బు ఎంచుకోవడంలోనూ, గురి నిలపడంలోనూ, మొదలుపెట్టాక వెనక్కి తీసుకోలేని ఆ ఒక్క క్షణంలోనూ ఉంది. మూడో నొక్కు అడిగేది కూడా అదే. గుర్తు గీతని తాకడం చూశాక నొక్కుదామనుకుంటే అప్పటికే ఆలస్యం. రాకముందే ఊహించి, వేలికి ఆజ్ఞ ఇచ్చేసి, ఫలితానికి సిద్ధపడాలి. మన బిళ్ళంగోడులో బిళ్ళ గాల్లోకి లేచాక కర్ర తిప్పడానికి దొరికే వ్యవధి లాంటిది అది.

స్టిక్ పద్ధతిలో కొలత దేనిమీద పడుతుంది? బొటనవేలు ఎంత తిన్నగా వెళ్ళింది, ఎంత లయగా వెళ్ళింది అన్నదాని మీద. కానీ బొటనవేలికి కీలు అడుగున ఒక పక్కగా ఉంటుంది. దాన్ని పైకి తోస్తే తిన్నటి గీత గియ్యదు, చాపం గీస్తుంది. తిన్నగా పోవాలంటే మిగతా కీళ్ళు సర్దుకోవాలి. కుడి వేలి చాపం ఒకవైపు, ఎడమ వేలిది దానికి ఎదురువైపు. స్టిక్ కొంచెం అరిగితే ఇంకో వంకర తోడవుతుంది. దెబ్బ కుడికి పోయినప్పుడు తప్పు తొందరదా, కీలుదా, కంట్రోలర్‌దా అన్నది ఆడేవాడికి తేలదు. పోలిక పెరిగింది, తప్పు మాత్రం మసకబారింది. ఒళ్ళంతా కదిలించమన్న 2006 నాటి ‘వీ స్పోర్ట్స్’ సంగతీ అంతే. కొన్నాళ్ళకే జనం సోఫాలోంచి లేవకుండా మణికట్టు విదిలిస్తే సరిపోతుందని కనిపెట్టేశారు. తమాషా ఏమిటంటే అందులోని గోల్ఫ్ హోళ్ళు తొమ్మిదీ 1984 నాటి ‘గోల్ఫ్’ నుంచి తెచ్చినవే.

తెర మీద కనిపించే నిజం వేరు, చేతికి అప్పగించిన పని వేరు. ఈ తేడాకి సాక్ష్యం షెఫీల్డ్‌లోనే ఉంది. 1984లో ఆ ఊళ్ళో మొదలైన గ్రెమ్లిన్ సంస్థ 1995లో ‘యాక్చువా సాకర్’ తెచ్చింది. స్థానిక షెఫీల్డ్ వెన్స్‌డే జట్టు ఆటగాళ్ళు ముగ్గురి కదలికల్ని పట్టి తెర మీది బొమ్మలకి ఇచ్చింది. మరుసటేడు ‘యాక్చువా గోల్ఫ్’, ఆ తర్వాత మరో రెండు భాగాలు. ‘యాక్చువా’ అన్న పేరే అసలు సిసలు అన్నంత ధీమాగా ఉంది. కానీ సాకర్ ఆటగాళ్ళ కాళ్ళని అంత శ్రద్ధగా పట్టినవాళ్ళు ఆడేవాడిని కాలు ఆడించమనలేదు, బటనే నొక్కమన్నారు. అది మోసమని ఎవరూ అనలేదు, అనవలసిన పనీ లేదు. ఒక్క గోల్ఫ్ దగ్గరే ‘బటనా, ఛీ’ అనే పట్టింపు ఎందుకొచ్చిందో నాకు అంతుపట్టదు.

మూడు నొక్కులది తాళం ఆట, గోల్ఫ్ కాదని ఒక అభ్యంతరం. నిజమే, తాళమే. గోల్ఫ్ కోచ్‌లు కూడా ఉదయం నుంచీ సాయంత్రం దాకా లయ గురించే కదా మొత్తుకునేది. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: ఈ పద్ధతి కంటి మీద ఆధారపడుతుంది, కన్ను టీవీ మీద. పాత గాజు గొట్టాల టీవీల్లో బొమ్మ ఆలస్యమయ్యేది కాదు. ఇప్పటి పలక టీవీల్లో గేమ్ మోడ్ పెట్టకపోతే పదోవంతు సెకను దాకా ఆలస్యం పడొచ్చు. సెకనుకి 60 ఫ్రేములు గీసే గేములో అంటే ఆరు ఫ్రేములు. గీత మీద నొక్కానని మీరనుకుంటారు, దాటిపోయిందని యంత్రం అంటుంది. ఇది ఒప్పుకోవాల్సిన లోపం. అయితే దీన్ని కొలిచి సవరించుకునే వీలు గేములోనే పెట్టొచ్చు. బొటనవేలి కీలుని సవరించే సెట్టింగు మాత్రం లేదు. సవరించే వీలుందంటే అసలు ఆ తప్పు కంటికి కనిపిస్తోందని అర్థం. ఫిట్జ్‌పాట్రిక్ కుర్రతనం నుంచీ తను కొట్టిన ప్రతి దెబ్బనీ రాసిపెట్టుకునే మనిషి. గ్రీన్ దగ్గర్నుంచి బంతిని చిన్నగా లేపి కొట్టేటప్పుడు ఎడమ చెయ్యి కిందికి, కుడి చెయ్యి పైకి పట్టి పద్ధతినే తలకిందులు చేస్తాడు. చేతులు ఎక్కడున్నాయని స్కోరు కార్డు అడగదు.

తప్పు ఆడినవాడిదేనా అన్న నా కొలబద్దకి తాళం మీద నడిచే పద్ధతులు కూడా అన్నిసార్లూ నిలబడవు. మన ఫోన్లలో ఆడే గోల్ఫ్ చూడండి. షెఫీల్డ్ నుంచి పెనైన్ కొండలు దాటితే వచ్చే విల్మ్‌స్లోలో ప్లేడెమిక్ చేసిన ‘గోల్ఫ్ క్లాష్’ 2017లో వచ్చింది, మరుసటేడు మొబైల్ గేముల బాఫ్టా గెలిచింది. 2021లో ప్లేడెమిక్‌ని గేముల కంపెనీ ఈఏ 140 కోట్ల డాలర్లకి కొనేసింది. అందులో ఆడే తీరు ఇది: బంతిని వేలితో వెనక్కి లాగడం, అటూ ఇటూ ఊగే ముల్లు నడిమికి వచ్చినప్పుడు వదలడం. ఇంతకంటే శుభ్రమైన స్వింగ్ పద్ధతిని ఫోన్ తెర మీద ఊహించడం కష్టం. గొడవంతా ఆ తర్వాతే. క్లబ్బులకి స్థాయిలున్నాయి, వాటిని పెంచే కార్డులు పెట్టెల్లో దొరుకుతాయి, పెట్టెలు డబ్బుకి దొరుకుతాయి. ముల్లు గీత తప్పినా ఖరీదైన క్లబ్బు బంతిని దారిలో పెడుతుంది. నిజం గోల్ఫ్‌లోనూ డబ్బున్నవాడి సంచిలో తప్పుల్ని మన్నించే క్లబ్బులుంటాయి, కాదనను. అందుకే ఆ ఆట పెద్దలు సంచిలో 14 క్లబ్బులే ఉండాలన్నారు, డ్రైవర్ తల 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదన్నారు. ఫోన్ గోల్ఫ్‌కి అలాంటి పెద్దలు లేరు. స్టిక్ మంచిదా బటన్ మంచిదా అని పోట్లాడుకునేవాళ్ళు ఈ వ్యాపారం మీద అందులో పదోవంతు కోపం చూపించినా బాగుండును.

చివరి అభ్యంతరం న్యాయానిది. మూడు నొక్కులవాడినీ స్టిక్‌వాడినీ ఒకే పట్టికలో ఎలా పెడతారు, ఒకరికి తేలికైతే రెండోవాడికి అన్యాయం కదా అంటారు. ఈ ప్రశ్న మరే ఆటలో వచ్చినా తడుముకునేవాణ్ణి. గోల్ఫ్‌లో రావడమే విడ్డూరం. బలాబలాలు వేరైనవాళ్ళని ఒకే పోటీలో నిలబెట్టడానికి హ్యాండిక్యాప్ అనే లెక్కని అంత బాగా మప్పిన ఆట ఇంకోటి లేదు. 2020లో ఇంగ్లండుతో సహా చాలా దేశాలు ఒకే ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతికి వచ్చాయి. చివరి 20 రౌండ్లలో ఉత్తమమైన ఎనిమిదింటి సగటు మీద సంఖ్య కడతారు. హాలంషైర్ లాంటి క్లబ్బుల్లో అది ఆడినవాడు ఇచ్చే కార్డుల మీద నడుస్తుంది. గేము సర్వర్ దగ్గర ప్రతి స్ట్రోకూ ఏ ఫ్రేములో ఎటు తప్పిందో సహా ఉంటుంది. పద్ధతికో సంఖ్య కట్టడం దానికి చిటికెలో పని. చెయ్యి వణికేవాడికో, ఒంటిచేత్తో ఆడేవాడికో కుదిరే పద్ధతి ఉంచితే పోటీ చెడుతుందన్న భయం కూడా ఆ లెక్కతో పోతుంది. ముందుగా చెయ్యాల్సింది ఇంకా చిన్నది: మొదటి హోలుకి ముందే ఏ పద్ధతి కావాలని అడగడం, దెబ్బ తప్పిన ప్రతిసారీ ఎన్ని ఫ్రేములు ముందో వెనకో తెర మీద అంకెతో చూపడం.